నోరు లేని పదిహేను రోజులు

పదిహేను రోజులు నోరు విప్పకూడదన్నాడు డాక్టరు. గుసగుసలు కూడా వద్దన్నాడు. కస్టమర్ కేర్‌లో ఎనిమిదేళ్లుగా, రోజుకి తొంభై మందికి "వైఫై డబ్బా ఒకసారి ఆపి ఆన్ చేయండి" అని చెప్పీ చెప్పీ ఆమె గొంతులో బొడిపెలు లేచాయి. ఇప్పుడు ఆపి ఆన్ చేయాల్సింది గొంతునే.

ఆఫీసువాళ్లు ఆమెను చాటింగ్ డెస్కుకి మార్చి చేతులు దులుపుకున్నారు. చిక్కంతా ఇంట్లోనే వచ్చింది.

సాయంత్రం ఐదేళ్ల కూతురు ఏనుగు పుస్తకం పట్టుకొచ్చి ఒళ్లో కూలబడింది. ఆమె గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది.

"చిన్నగా చదువమ్మా. డాక్టరుకి చెప్పన్లే."

ఆమె మళ్లీ ఊపింది. పిల్ల మూతి ముడుచుకుని నాన్న దగ్గరికి వెళ్లింది.

ఆయన లిఫ్టు మెకానిక్. కథని కూడా రిపేరు రిపోర్టులా చదివాడు. "ఏనుగుకి జలుబు చేసింది. తుమ్మింది. అడవి ఊగింది. అయిపోయింది."

"నాలుగు పేజీలు ఎగ్గొట్టావ్, దొంగ నాన్నా! కోతి టోపీ ఎగరాలిగా?"

"ఎగిరిందిలేవే, నేను చూశా."

వంటింటి గుమ్మంలో ఆమెకి ఒళ్లు మండింది. గరిటెతో తలుపు మీద ఠంగుమని కొట్టింది. ఇద్దరూ ఇటు తిరిగి చూశారు. ఏం చెబుతుంది?

వారం తిరిగేసరికి పిల్లే ఆయనకి ట్రైనింగ్ ఇచ్చేసింది. కోతి మాటలు ముక్కుతో, మొసలి మాటలు కడుపులోంచి. ఏనుగు తుమ్మినప్పుడల్లా ఆయన మంచం మీంచి దొర్లిపడేవాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. అంట్లు తోముతూ ఆమె వినేది. సంతోషించాలి కదా అనుకునేది. అనుకోవడం వరకే అయ్యేది.

పదహారో రోజు డాక్టరు, ఇంట్లో మెల్లగా మాట్లాడుకోవచ్చన్నాడు. ఇంటికొచ్చి ఆమె చెప్పులైనా విప్పకుండా పుస్తకం తీసింది.

"రావే బంగారం, చదువుకుందాం." గొంతు తుప్పు పట్టిన గేటులా కిర్రుమంది.

పిల్ల పరిగెత్తుకొచ్చి, బుల్లి అరచెయ్యి తల్లి నోటికి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా, గొంతు మళ్లీ అయిపోతుంది. ఆఫీసుకి దాచుకో. నాకు నాన్న చదువుతాడుగా."

ఆ మాటలో అలకైనా లేదు. అలకైతే బతిమాలుకునేదే.

"నీకోసమే దాచుకున్నానే," అంది ఆమె. వేళ్ల వెనక అది వట్టి గొణుగుడైపోయింది.

"చూశావా, అప్పుడే రావట్లేదు!" అని పిల్ల పుస్తకం లాక్కుని నాన్న గదిలోకి పరిగెత్తింది.