మూడున్నర మెట్లు

సాయంత్రాలు మా ముందుగదిలో ఆరుగురు పిల్లలకు సంగీతం చెబుతాను. పాట కంటే ముందు చెవి తయారవ్వాలని నా పట్టుదల. హార్మోనియం మీద ఒక స్వరం, దాని వెనకే ఇంకో స్వరం వాయిస్తాను. మొదటిదాని నుంచి రెండోది ఎన్ని మెట్ల దూరంలో ఉందో పిల్లలు విని చెప్పాలి. తెల్ల మెట్లూ నల్ల మెట్లూ అన్నీ లెక్కే. స నుంచి గ నాలుగు, ప ఏడు.

దర్జీ ఆవిడ కూతురు కొత్తగా చేరింది. ఒకరోజు స, గ వాయిస్తే ఐదుగురూ ఒక్క గొంతుతో ‘‘నాలుగు’’ అన్నారు. ఆ పిల్ల మాత్రం కళ్ళు మూసుకుని, కాసేపాగి, ‘‘మూడున్నరండీ’’ అంది.

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

‘‘అర మెట్టు ఏ పెట్టెలో ఉంటుందమ్మా? మీ అమ్మ కత్తెరతో కోసిందా?’’ అన్నాను.

మర్నాడు అడిగినా మూడున్నరే. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి దాని పేరే మూడున్నర అయిపోయింది. ‘‘మూడున్నరా, నీకు చెప్పులెన్నే? ఒకటిన్నరా?’’ అని గుమ్మంలో ఏడిపించేవాళ్ళు. మందలించాల్సిన నేను ఒకనాడు హాజరు వేస్తూ ఆ పేరుతోనే పిలిచాను. ఆ పిల్ల తల దించుకుని ‘‘వచ్చానండీ’’ అంది.

చివరికి తల్లిని పిలిపించాను. మెడలో కొలతల టేపుతోనే వచ్చింది.

‘‘దీనికి చెవి లేదమ్మా. బొమ్మలు వేయడమో ఏదో నేర్పించుకోండి.’’

‘‘అదేంటండీ, వంటింట్లో కూర్చుని మిషను చప్పుడు విని బెల్టు వదులైందని చెబుతుంది కదా.’’

‘‘అది వేరు, ఇది వేరు,’’ అన్నాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు.

రెండు వారాలకు హార్మోనియం తిత్తిలోంచి గాలి పోతోందని బాగుచేసే అతన్ని పిలిచాను. తిత్తి అతికించి, వరసగా ఒక్కో మెట్టూ నొక్కి చూస్తూ గ దగ్గర ఆగాడు.

‘‘ఇది ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందమ్మా?’’

‘‘ఎలా ఉంది?’’

‘‘దిగిపోయింది కదా. లోపల రీడు రేకు మీద మడ్డి పేరుకుంది. సగం మెట్టు జారింది. పాఠాలు చెబుతారు, మీకు వినపడలేదా?’’

పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తకుండానే, ‘‘రోజూ పూజలో ఈ పెట్టెతోనేగా పాడుతోంది. దేవుడే ఏమీ అనలేదు, ఆవిడకేం తెలుస్తుంది?’’ అన్నారు.

వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం పూజగది వైపు చూడలేకపోయాను. వేలు గ మీద ఉంది కనక వినపడింది గ అనుకున్నాను. అసలు విన్నదెప్పుడు? దేవుడు మాత్రం రోజూ విన్నాడు, ఊరుకున్నాడు. ఊరుకోవడం అంటే క్షమించడమా? లేక ఒక పిల్ల నోట చెప్పించి, నేను వింటానో లేదోనని చూశాడా? నాకు తెలియదు.

ఆ సాయంత్రం మెట్ల మీద తువ్వాలు కప్పి వాయించాను. ఐదుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళు చెప్పింది నా చెయ్యి ఎంత జరిగిందో చూసి. వాళ్ళకు అది నేర్పింది నేనే.

మర్నాడు ఉదయం దర్జీ కొట్టుకు వెళ్ళాను. ఆ పిల్ల కింద కూర్చుని గుండీలు ఏరుతోంది. ‘‘నువ్వు చెప్పిందే నిజం. పెట్టె తప్పు, నా చెవి తప్పు,’’ అని తల్లి ముందే చెప్పాను. తల్లి మిషను ఆపలేదు. ‘‘ఆ పేరు ఇప్పుడు వీధిలో కూడా పిలుస్తున్నారండీ,’’ అని మాత్రం అంది. ఆ కుట్టు పూర్తయ్యాక, ‘‘వెళ్తావా?’’ అని కూతుర్ని అడిగింది. ఆ పిల్ల లేచి గౌను దులుపుకుంది.

సాయంత్రం అందరి ముందూ మళ్ళీ అదే మాట చెప్పి, ఇకమీదట ఆ పేరు ఈ గుమ్మంలో వినపడకూడదన్నాను. తువ్వాలు కప్పి, స, దాని వెనకే బాగుచేసిన గ వాయించాను. ఆ పిల్ల కళ్ళు మూసుకోలేదు. నా మొహంలోకి చూసింది.

‘‘ఎంత చెప్పమంటారండీ?’’

కొట్టులో నిలబడినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు.

తువ్వాలు తీసేసి, ఆ పిల్లను పెట్టె ముందు కూర్చోబెట్టాను. నేను వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

‘‘నువ్వు వాయించు. నేను చెబుతాను.’’

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తిత్తి కదిలిన చప్పుడు. ఒక స్వరం, కాసేపాగి ఇంకోటి. నేను కళ్ళు మూసుకున్నాను. కావాలని తప్పు చెప్పాలనుకోలేదు, నిజంగానే విన్నాను.

‘‘తొమ్మిది,’’ అన్నాను.

ఆ పిల్ల మళ్ళీ అవే రెండూ, ఈసారి ఇంకా నిదానంగా వాయించింది.

‘‘కాదండీ,’’ అంది చిన్నగా. ‘‘ఎనిమిది.’’