కారణం తెలియని వణుకు

స్టూలును తలకిందులు చేసి, పాత సైకిలు ట్యూబు ముక్కల్ని దాని కాళ్లకు తాడుతో బిగించి కడుతున్నాడు బొమ్మ బాబాయ్. మూడు ముక్కలు నల్లవి, నాలుగోది ఎర్రది. నల్ల ట్యూబు చాలలేదు.

సన్నటి మనిషి, భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. అరచేతులు మాత్రం చేటలంత. ప్రయోగశాలలో అటెండరు. ప్రయోగం నడిచే నలభై నిమిషాలూ చీకటి గదిలో స్టూలు మీద కూర్చుని, గొట్టం మీది వాల్వుకు అరచెయ్యి ఆనించి, మీటరు ముల్లునే చూస్తుండాలి. ముల్లు లేస్తే వాల్వు మూసెయ్యాలి. ఇరవై ఆరేళ్లలో అది లేచింది రెండేసార్లు. మిగతా కాలమంతా కదలకుండా కూర్చున్నందుకే జీతం తీసుకున్నాడు. అందుకే ఆ పేరు. "ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనా?" అని ఎవరైనా ఏడిపిస్తే, "కూర్చుని చూడండి, తెలుస్తుంది" అనేవాడు. సెలవన్నది ఎరగడు. ఆయన రాని రోజు ప్రయోగమే ఉండదు.

అయితే ఎందుకు కూర్చోవాలో మాత్రం ఇన్నేళ్లయినా బుర్రకెక్కలేదు. పరిశోధన చేసే అమ్మాయిని ఇవాళ మళ్లీ అడిగాడు.

"సన్నటి సందులోంచి కాంతి కణాల్ని ఒక్కొక్కటిగా పంపుతాం బాబాయ్. అది ఎక్కడుందో పట్టుకుందామని సందును ఇరుకు చేస్తే, ఎటు పోతుందో చెప్పలేం. వెడల్పు చేస్తే ఎటు పోతుందో తెలుస్తుంది, ఎక్కడుందో తెలీదు. రెండూ ఒకేసారి చిక్కవు."

"మనకు కొలవడం చేతకాకనా?"

"కాదు బాబాయ్. దాని తీరే అంత."

ఆయన తల గోక్కున్నాడు. "మా ఆవిడ రోజూ ఎప్పుడొస్తావని అడుగుతుంది. ఆరింటికంటాను, ఆరింటికే వెళ్తాను. నాకు లేని తికమక ఆ కణానికెందుకమ్మా?"

అమ్మాయి నవ్వబోయి ఆగింది. "నాకూ పూర్తిగా అర్థం కాలేదు. ముందు ఈ వణుకు సంగతి తేలనీ."

మూడేళ్లుగా, పక్క గదిలోని యంత్రం గీత గీసే కాగితం మీద అసలు గీతతో పాటు ఒక సన్నటి వణుకు కూడా పడుతోంది. ఫ్యాన్లు ఆపారు, లిఫ్టు ఆపించారు, కిటికీల్లో దుప్పట్లు కుక్కారు. అది ఒక పూట వేగంగా, ఒక పూట నెమ్మదిగా ఉంటుంది. ఏ యంత్రమూ అలా ఉండదు. పుస్తకంలో కారణం రాసే గడిలో ఆమె రోజూ "తెలియదు" అనే రాస్తోంది. నెలాఖరుకు మచ్చలేని గీత చూపించకపోతే మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనని ప్రొఫెసరు కసురుతుంటే, బాబాయ్ తలుపు బయట నుంచి విన్నాడు. ఆయన అనుమానం స్టూలు మీదికి పోయింది. తన స్టూలు కదలడం వల్ల పిల్ల చదువు చెడితే ఆ పాపం ఎవరిది?

మూడింటికి చెప్పులు బయట విడిచి, స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దీపాలు ఆరాయి. వాల్వు చల్లగా ఉంది. పొద్దుటి నుంచీ లాగుతున్న ఎడమ భుజం నొప్పి మెల్లగా ఛాతీలోకి దిగింది. చెమట పట్టింది. పిలవచ్చు. పిలిస్తే గీత పాడవుతుంది. నలభై నిమిషాలేగా, ఓర్చుకుందాం అనుకున్నాడు. ఎటు పోతుందో ఆ కణానికైనా తెలుసో లేదో పాపం అనుకున్నాడు.

పక్క గదిలో అమ్మాయి కాగితాన్నే చూస్తోంది. మొదట అదే వణుకు. ఇవాళ మరీ తొందరగా, తడబడుతూ ఉంది. మూడూ ఇరవై మూడుకి ఆగిపోయింది. అక్కణ్నుంచి చివరిదాకా శుభ్రమైన గీత. ఆమె దీపాలు వేసి పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్! మీ ట్యూబు ముక్కలు పనిచేశాయి! వణుకు పోయింది!"

బాబాయ్ ముల్లు వైపే చూస్తున్నాడు. చెయ్యి వాల్వు మీదే ఉంది. ఆయనెప్పుడూ అలాగే కూర్చుంటాడు గనుక ఆమె రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవబోయి, ఆయన మణికట్టు పట్టుకుని చూసింది.

డాక్టరు వచ్చి చూసి, "ఎంతసేపైంది?" అని అడిగాడు.

"మూడూ ఇరవై మూడుకి" అంది అమ్మాయి. అన్నాక, ఆ మాట తనకెలా తెలుసో తనకే తట్టింది.

ఆయన్ని తీసుకెళ్లాక మూడేళ్ల కాగితాలూ నేల మీద పరిచింది. ప్రతి కాగితం మీదా ఆ పెద్ద అరచేతి నాడి కొట్టుకుంటూనే ఉంది. తను కోరిన గీత పదిహేడు నిమిషాలు దొరికింది. దాన్ని ఏ మొహం పెట్టుకుని చూపించాలో తెలియలేదు. కారణం గడి దగ్గర కలం పెట్టింది, తీసేసింది. ఆరు కావస్తోంది. ఆయన భార్యకు కబురు తనే చెప్పాలని లేచి, గుమ్మంలో వెనక్కి తిరిగింది.

మూడు నల్ల ముక్కల మీదా, ఒక ఎర్ర ముక్క మీదా స్టూలు ఇసుమంత కూడా కదలకుండా నిలబడి ఉంది.