గడువుకు ముందు రోజు

“రేపటితో గడువు అయిపోతుందే, మెరెరిద్. రేపు ఫోన్లు పనిచెయ్యకపోతే? ఈ వానకి తీగలు తెగిపోతే? అప్పుడేం చేస్తావు?”

నా కూతురు సింకు దగ్గర నిలబడి, కడిగిన కేకు డబ్బానే మళ్లీ కడుగుతోంది. అల్లుడు యెస్తిన్ పోయినప్పుడు వీధి వీధంతా కేకులు తెచ్చి పెట్టింది. ఎవరి డబ్బా అడుగున వాళ్లు పేరు అంటించి ఇచ్చారు. మూడు నెలలైనా ఒక్క డబ్బా తిరిగి గుమ్మం దాటలేదు.

యెస్తిన్ పాల ట్యాంకరు నడిపేవాడు. ముప్పై నాలుగేళ్లవాడు. తెల్లవారుజామున కొండదారిలో గుండె పట్టేసింది. బండిని జాగ్రత్తగా పక్కకి ఆపి మరీ పోయాడు. పలకరాళ్ల గనిలో దుమ్ము మింగిన మా ఆయన దగ్గు వింటూ ఇరవై ఏళ్లుగా నేను రోజూ భయపడుతూ వచ్చాను. ఆయన ఇప్పటికీ దగ్గుతూనే ఉన్నాడు. నేను ఒక గుమ్మం దగ్గర కాపలా కాస్తుంటే చావు ఇంకో గుమ్మానికి వెళ్లింది.

భర్త పోయినవాళ్లకి ప్రభుత్వం నెలనెలా కొంత సాయం ఇస్తుంది. మూడు నెలల్లోపు అడిగితే మొత్తం వస్తుంది, ఆ తర్వాత అడిగితే గడిచిన నెలలవి పోతాయి. ఈ ఇంటి యజమాని అద్దె కోసం ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశాడు, రెండూ మర్యాదగానే. మూడోదాంట్లో మర్యాద ఉండదని నాకు తెలుసు. నాలుగేళ్ల నా మనవరాలు కాడిని పట్టుకుని ఇది ఎక్కడికి పోతుంది?

అడగడానికి ఫోనులో నాలుగు మాటలు చెబితే చాలు. ఆ నాలుగు మాటలే దీనికి రావు. యెస్తిన్ కోసం ఎవరైనా ఫోను చేస్తే “ఇంట్లో లేడు” అంటుంది. అంతకుమించి ఒక్క ముక్క అనదు. చావు నమోదు చేయించింది కూడా యెస్తిన్ అన్నే.

“ఆ డబ్బు నాకొద్దమ్మా,” అంది, వెనక్కి తిరక్కుండానే.

“నీకొద్దులే. కాడి బూట్లకి కూడా వద్దా? వేళ్లు ముడుచుకుని నడుస్తోంది పిల్ల.”

“యెస్తిన్‌ని అమ్ముకుని తిన్నట్టుంటుంది.”

“వాళ్లేం దానం చేస్తున్నారే? పద్దెనిమిదేళ్లప్పటి నుంచి అతని జీతంలో బీమా కింద కోసుకున్నదేగా!”

“అమ్మా, నువ్వు వానకీ భయపడతావు, ఎండకీ భయపడతావు. నన్ను కాసేపు వదిలెయ్.” డబ్బా తుడిచి చంకన పెట్టుకుంది. “వీధి చివర నాన్సీ వాళ్లది ఇచ్చేసి వస్తాను.”

డబ్బా ఇవ్వడానికి కాదు, నా నుంచి తప్పించుకోవడానికని తెలుస్తూనే ఉంది. తలుపు మూసుకోగానే ఫోను అందుకుని సాయం ఇచ్చే ఆఫీసుకి చేశాను. మా భాష వెల్ష్‌లో మాట్లాడాలంటే రెండు నొక్కమంది, నొక్కాను. చెవి సరిగా వినబడదు కాబట్టి స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. ఆగమని వేసిన పాట అరగంట విన్నాక ఒకావిడ పలికింది. గొంతు మెత్తగా ఉంది.

“మీ పేరు?”

“మెరెరిద్,” అన్నాను. ఇలా చేస్తే జైల్లో వేస్తారేమో, కాడిని ఎవరు చూస్తారు అనుకుంటూనే అన్నాను.

“పుట్టిన తేదీ?”

“ఫిబ్రవరి పదకొండు. మోకాళ్లెత్తు మంచు. అంబులెన్సు కొండెక్కలేకపోయింది. పద్దెనిమిది గంటలు నొప్పులు పడ్డానమ్మా!”

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

“మీరు మెరెరిద్ గారి అమ్మగారు కదూ?”

“కాదు,” అన్నాను. మళ్లీ, “అవును. ఏం చెయ్యమంటారు, రేపే ఆఖరు రోజు.”

“ఎవరి పేరు చెబుతున్నావమ్మా నువ్వు?”

వెనక్కి చూస్తే గుమ్మంలో మెరెరిద్. నాన్సీ ఇంట్లో లేదట, వానలో తిరిగి తిరిగి వచ్చింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, డబ్బా ఇంకా చంకలోనే ఉంది.

“నీ పేరే! నువ్వు చెప్పకపోతే నేను చెప్పాను.”

“నా మొగుడు పోయిన బాధ కూడా నా బదులు నువ్వే పడతావా?”

ఆ మాట అనేసి తనే ఉలిక్కిపడింది.

ఫోనులో ఆవిడ అంది: “మెరెరిద్ గారూ, మీ అమ్మగారి మీద నేనేమీ ఫిర్యాదు రాయడం లేదు. ఆవిడ పక్కన ఉండవచ్చు, సాయం చెయ్యవచ్చు. కానీ వివరాలు మీరే చెప్పాలి. చెబుతారా?”

మెరెరిద్ డబ్బాని బల్ల మీద పెట్టి కూర్చుంది. పేరు చెప్పింది. పుట్టిన తేదీ చెప్పింది, మంచు సంగతి లేకుండా. బ్యాంకు ఖాతా అంకెలు కాగితం చూసి చదివింది. పెళ్లి తేదీ అడిగితే తడుముకోకుండా చెప్పింది.

“మీ భర్త ఎప్పుడు చనిపోయారు?”

మెరెరిద్ చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. కిటికీ మీద వాన. ఇది లేచి వెళ్లిపోతుంది, లైను తెగిపోతుంది, ఆవిడ విసుక్కుని పెట్టేస్తుంది అని నా మనసు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయింది. తేదీ నా నాలుక చివరే ఉంది. అరచేత్తో నోరు మూసుకున్నాను.

“నేను ఇక్కడే ఉన్నానమ్మా,” అంది ఆవిడ. “తొందరేం లేదు.”

మెరెరిద్ బల్ల మీది డబ్బాని ఒడిలోకి లాక్కుంది.

“మార్చి పదిహేడు,” అంది మెరెరిద్. “సోమవారం. తెల్లవారుజామున. నా భర్త చనిపోయాడు.”