నీళ్ల కూర, నొప్పి మాత్ర

నా గదిలో ఉండే పొడుగక్క కళ్లు పచ్చబడ్డ రోజు కూడా సూపర్‌వైజరు ఆమె అరచేతిలో రెండు నొప్పి మాత్రలు పెట్టి యంత్రం దగ్గరికి తోలాడు. మధ్యాహ్నానికి ఆమె దారపు కండెల మధ్య కూలిపోయింది. కండెలన్నీ ఏరి పక్కన పెట్టాక గాని ఆమెను లేపనివ్వలేదు.

మా మిల్లులో పది గంటలు నిలబడే పని. కూర్చోడానికి బల్ల ఉండదు. హాస్టల్లో అన్నం, నీళ్ల కూర. మమ్మల్ని పనికి తెచ్చిన కాంట్రాక్టరు మాత్రలకు మాత్రం లోటు చేయడు. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు.

ఆసుపత్రి వరండాలో నర్సమ్మ నన్ను అడిగింది.

"ఏం తింటారమ్మా మీరు?"

చెప్పాను.

"ఈ మాత్రను ఒంట్లోంచి పంపేయడానికి కాలేయానికి సల్ఫేట్ కూడా కావాలి. పప్పు, గుడ్డు, పాలు తింటేనే అది ఒంట్లో సరిపడా తయారవుతుంది. సరైన తిండి లేకుండా రోజూ ఇన్ని మింగితే మందే విషమైపోతుంది. ఈవిడ రోజుకెన్ని వేసుకునేది?"

ఆ లెక్క నాకొక్కదానికే తెలుసు. ఆమెవి నాలుగు, నావి నాలుగు. నాకు వయసుంది, ఓర్చుకుంటానులే అని నావి కూడా ఆమెకే ఇచ్చేదాన్ని.

మూడో రోజు అక్క పోయింది. మా గదిలో రెండు మంచాలు. ఆమె పక్క తీయడానికి నాకు చేతులు రాలేదు. భోజనాల దగ్గర అందరూ నన్ను చూసి మాట మార్చేవాళ్లు.

నాలుగు రోజులు దాచుకున్నాను. ఐదో సాయంత్రం బట్టలుతికే చోట అందరి ముందూ చెప్పేశాను, నర్సమ్మ మాటతో సహా. "అక్కను నేనే చంపాను."

ఎవరో కొళాయి కట్టేశారు.

"నోర్ముయ్యవే పిచ్చిదానా!" అంది కండెలు మార్చే పిన్ని. "నావి నా కోడలికి పెడుతున్నాను, మరి నేనో?"

"నేను మా చెల్లికి."

"మనకి తెలీదు. డబ్బాలు డబ్బాలు తెప్పించే కాంట్రాక్టరుకి తెలీదా?"

"అడిగితే ఇంటికి పంపేస్తాడే."

"రెండొందల మందినా? బస్సులు పెట్టేంత మనసు వాడికెక్కడిది!"

నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఎవరమూ లోపలికి వెళ్లలేదు. గేటు ముందు కూర్చున్నాం. రోజూ పప్పు, గుడ్డు కావాలి. బల్లలు కావాలి. మందు డాక్టరే ఇవ్వాలి.

కాంట్రాక్టరు పోలీసులను వెంటబెట్టుకొచ్చి నన్ను చూపించాడు. "ఇదిగో, చంపింది ఇదే. తన నోటితోనే ఒప్పుకుంది."

నన్ను వ్యానెక్కించి తలుపు వేశారు. లోపల నేనొక్కదాన్నే. జాలీ కిటికీలోంచి చూస్తే అందరూ దూరంగా, చిన్నగా కనిపించారు. వెళ్లిపోతారనుకున్నాను.

పిన్ని లేచింది. నడుచుకుంటూ వచ్చి వ్యాను ముందు చతికిలబడింది. ఆమె పక్కన ఇంకొకరు. వాళ్ల వెనక వరస. చూస్తుండగానే రోడ్డు నిండిపోయింది.

"లేవండి!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"కాళ్లు నొప్పులు బాబూ," అంది పిన్ని. "ఇన్నేళ్లూ నిలబడే ఉన్నాం. ఆ పిల్లను దించేదాకా లేవలేం."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.