క్యారేజీ వదులు

మా అక్క కళ్ల డాక్టరు. సెలవు రోజుల్లో సరదాకి చిన్న లేతు మిషనొకటి కొనుక్కుని, వెనక గదిలో ఇత్తడి బొంగరాలు చేస్తుంటుంది. దాని క్యారేజీ వదులుగా ఉందనీ, పని గరుగ్గా వస్తోందనీ, వచ్చి చూడమనీ ప్రాణం తోడేస్తే వెళ్లాను. క్యారేజీ అంటే అన్నం క్యారేజీ కాదు. కోసే పనిముట్టును మోస్తూ పట్టాల మీద అటూ ఇటూ జరిగే ఇనప బండి.

పట్టుకుని లేపితే ఊడబోయే పాలపన్నులా కదిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటివి అమ్మేవాళ్ల చేత వీటిమీదే పని చేయించాలి.

"డాక్టరమ్మగారూ, ఇన్నాళ్లూ దీంతో ఎలా వేగారు?"

"చెప్పానుగా, అంతా దానివల్లే" అంది అక్క.

బండి పైకి లేవకుండా కిందినుంచి పట్టి ఉంచే పట్టీలు విప్పాను. గాజు పలక మీద ఉప్పుకాగితం అంటించి, వాటి అంచులు రుద్దడం మొదలుపెట్టాను; అంచు అరిగినకొద్దీ పట్టీ పైకి జరిగి బండిని బిగిస్తుంది. కాస్త రుద్దడం, బిగించి చూడటం, మళ్లీ విప్పడం. ఒక్క పిసరు ఎక్కువ రుద్దితే బండి కదలనని మొరాయిస్తుంది. మధ్యాహ్నమంతా దాంతోనే సరిపోయింది.

ముందు గదిలో అమ్మ రేడియో వింటోంది. ఎల్లుండి ఆమె కంటి ఆపరేషన్. చేసేది అక్కే. వేరే ఎవర్నీ తన కంటి దగ్గరికి రానివ్వనని అమ్మ భీష్మించుకు కూర్చుంది.

చివరికి బండి ఎక్కడా లేవకుండా, ఎక్కడా పట్టేయకుండా జరిగింది. చక్రం తిప్పుతూ ఒక ఇత్తడి ముక్క కోశాను. నున్నగా వచ్చింది. తర్వాత అక్క ఇంకో ముక్క కోసింది. దాని నిండా గీతలే. మిషన్ని నోటికొచ్చినట్టు తిట్టి, మళ్లీ లేపి చూశాను. బండి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"మళ్లీ కొయ్యి" అన్నాను.

ఈసారి ఇత్తడిని చూడలేదు, అక్క చేతిని చూశాను. చక్రం మీద ఆమె బొటనవేలు దానంతటదే కొట్టుకుంటోంది.

"ఎన్నాళ్లనుంచి?"

"తెలీదురా. క్యారేజీ వదులేమో అనుకున్నా. అదే అయితే బాగుండుననుకున్నా."

"మరి ఆసుపత్రిలో?"

"అక్కడ ఇంతవరకూ రాలేదు." చక్రం మీంచి చెయ్యి తీసేసుకుంది. "రాలేదనే అనుకుంటున్నా."

అరవాలనిపించింది, కానీ ఎవరిమీద అరవను? మిషను మీద అరుద్దామన్నా, నేనే దాన్ని శుభ్రంగా బాగుచేసి కూర్చున్నాను.

"అయిందా మీ రిపేరు?" అంటూ అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. బల్ల తడిమి ముక్కలు రెండూ అందుకుంది. చూపు ఆనక, గోటితో గీసి చూసింది.

"నున్నటిది నా బంగారుతల్లిది. ఈ గరుకుది నీదేరా, చిన్నప్పట్నుంచీ నీది మోటు చెయ్యే" అని నవ్వింది.

"అవునమ్మా, నాదే" అన్నాను గబుక్కున.

"కాదమ్మా" అంది అక్క. "గరుకుది నాది. ఎల్లుండి నీ కంటి మీద నేను చెయ్యి వెయ్యను."

అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. గోరు మాత్రం ఆ ముక్క మీదే ఆగిపోయింది.