కాలు పట్టీ, కాలా పట్టీ

1974 జులై 8. చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ.

గౌరీశంకర్ తన పుస్తకాన్ని ఈ ముక్కలతోనే మొదలుపెట్టాడు. ఆ పొద్దున ఆ రాగి అంబలి తాగి, కొత్తగా సరిచేయించిన బడి పాంటు తొడుక్కుని, హిందీ మాట్లాడే ఊళ్లో బారిడీహ్ పేటలోని క్వార్టర్ గుమ్మం దిగిన పన్నెండేళ్ల వాడి, అంటే తన, కథ అది. ఆ ఏడు వాడి కాళ్లు పాంటును దాటి పెరిగిపోయాయి. అమ్మ నూకమ్మ దాన్ని సిద్ధగోరా దర్జీ దగ్గరికి పట్టుకెళ్లి, "భయ్యా, కాలు పట్టీ లగావ్" అంది. కాలి దగ్గర అదే రంగు గుడ్డ అతకమని ఆవిడ ఉద్దేశం. దర్జీకి 'కాలా', అంటే నల్లది, అని వినబడింది. బూడిదరంగు పాంటుకు నాలుగు వేళ్ల వెడల్పు నల్లపట్టీ కుట్టి ఇచ్చాడు.

పుస్తకం వచ్చిన వారం రోజులూ ఫోను మోగుతూనే ఉంది. సీతారాండేరా నుంచి చిన్ననాటి దోస్తు అప్పలసూరి, "ఒరే, బస్సులో సదివినానురా. నవ్వలేక సస్తంటే కండక్టరు నీళ్లిచ్చినాడు" అన్నాడు.

రిటైరైన టీచరు లలితకుమారి మాత్రం ఉత్తరం రాశారు. "కడుపుబ్బా నవ్వాను. తరవాత మీ అమ్మగారు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ హిందీకి ఊరంతా నవ్వుకుంటున్నట్టు ఆవిడకు తెలుసా?"

తెలీదు. నూకమ్మకు చదువు రాదు. అతని భార్య రోహిణి బతికుంటే ఆ ప్రశ్న అచ్చుకు ముందే అడిగేది. లలితకుమారి దాన్ని పుస్తక పరిచయ సభలో అడక్కుండా కవరులో పెట్టి పంపినందుకు అతను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

కానీ సభ ఆదివారమే. ఆ రోజు ఎనభై మూడేళ్ల నూకమ్మ అతనికంటే ముందే చీర కట్టుకుని కూర్చుంది.

"నువ్వెందుకమ్మా, ఎండగా ఉంది."

"నా కొడుకు పుస్తకం రాత్తే నాను ఇంట్లో కూకోవాలేటి?"

కూతురు మైత్రి నవ్వింది. "పాపా, టెన్షన్ మత్ లో. దాదీ ఖుష్ హోగీ." కంగారు పడొద్దు, నాన్నమ్మ సంతోషిస్తుందని ఆమె ధీమా.

హాల్లో పట్టీ కథను మైత్రే చదివింది. తెలుగు తడబడుతున్న కొద్దీ జనం ఇంకా నవ్వారు. గౌరీశంకర్ మాత్రం ముందు వరసలో ఉన్న అమ్మ ముఖాన్నే చూస్తున్నాడు. ఆవిడ నవ్వలేదు. చీర కొంగును వేలికి చుడుతోంది, విప్పుతోంది. చదవడం అవగానే లేచి, "ఈ కథ రాయకుండా ఉండాల్సింది. అమ్మా, నన్ను..." అన్నాడు.

"ఆగరా" అంది నూకమ్మ. మైత్రి మైకు పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టింది.

"మొదటి పాంటుకి ఆ దర్జీ తప్పుగా ఇన్నాడు, నిజమే. మరి తరవాత పాంటుకి ఏ పట్టీ ఉందిరా?"

"నల్లదే."

"దాని తరవాత?"

గౌరీశంకర్ ఆలోచించాడు. "అదీ నల్లదే."

"నాలుగేళ్లూ ఆ దర్జీకి సెవుడేనేటిరా?"

హాలు గొల్లుమంది. నూకమ్మ ఆగలేదు. "ఈ ఊరి ఎర్రమట్టి వానాకాలంలో కాళ్లకి ఎంతలా అంటుద్దో మీకందరికీ తెల్దా? బూడిదరంగు మీద మురికి కనపడుద్ది, నలుపు మీద కనపడదు. అది సూసి నానే అడిగి ఏయించినాను. కాలా అనే సెప్పినాను, సక్కగా, హిందీలో!"

అప్పుడు వెనక వరసలోంచి అప్పలసూరి నడుచుకుంటూ వచ్చాడు. అరవై మూడేళ్ల మనిషి, కొత్త బూడిదరంగు పాంటు, కింద నాలుగు వేళ్ల నల్లపట్టీ. "అమ్మా, అప్పట్లో ఈడి పాంటు సూసే కదా నేనూ మా అమ్మ పేనం తీసి ఏయించుకున్నాను. మా క్లాసులో పదకొండు మందిమి! పేషనంటే ఏటో మాకు నువ్వే నేర్పినావు."

లలితకుమారి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆవిడ వెనకే అందరూ లేచారు. యాభై ఏళ్లుగా నవ్వించిన కథలో, అమ్మకు హిందీ రాదనుకున్న అసలు పొరబాటు తనదేనని గౌరీశంకర్‌కు అప్పుడు తెలిసింది. ఇంత హాయిగా ఓడిపోవడం అతనికి ఎప్పుడూ జరగలేదు.

ఇంటికొచ్చాక, "మళ్లీ అచ్చేసినప్పుడు సరిదిద్దుతానమ్మా" అన్నాడు.

"దిద్దకు. నవ్వుకోనీ. ఆకర్న నా పేరు ఏయించు, పెద్దచ్చరాలతో."

అన్నం తిని ఆవిడ పడుకుంది. పుస్తకం తలగడ పక్కన ఉంది, తలకిందులుగా. అతను దాన్ని తిన్నగా పెట్టి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.