బలరాం పేరున్న ఎర్ర కార్డు

దాలయ్య చివరి స్క్రూ బిగించాడు. ఎడమచేతికి మూడే వేళ్లు కాబట్టి ల్యాప్‌టాప్‌ను మోకాలికి ఆనించి పట్టుకుంటాడు. దాని లోపలి ఫ్యాను నుంచి రాలిన నల్లటి దుమ్ము లుంగీ మీద పడింది. భిలాయిలో ఏ మిషను విప్పినా అదే దుమ్ము.

ఈ ల్యాప్‌టాప్ సెక్టర్ 7లో మంచం పట్టిన బలరాంది. ఒకప్పుడు ఆయన కుమ్హారి దగ్గర ఒక ప్రైవేటు ఉక్కు మిల్లులో ఫోర్‌మన్. మిషను ఆపి పని చేసేవాడు తన పేరున్న ఎర్ర కార్డు స్విచ్చికి తగిలించాలనీ, తగిలించినవాడే దాన్ని తియ్యాలనీ అక్కడే పనిచేసిన దాలయ్యకు నేర్పింది ఆయనే. ఒకరోజు దాలయ్య కార్డును మరెవడో తీసేశాడు. దాలయ్య చెయ్యి లోపలుండగానే రోలర్లు తిరిగాయి.

ఇప్పుడు బాగుకొచ్చిన ప్రతి మిషనుకూ దాలయ్య దాని సొంతదారు పేరు రాసి ఎర్ర కార్డు కడతాడు.

పదకొండింటికి బలరాం భార్య కోటమ్మ దుకాణానికి వచ్చింది. ముసలాయన రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. పెళ్లయిన కొత్తలో చూసిన సినిమా ఒక్కసారి చూపించమంటున్నాడు. దాలయ్య బ్రౌజరులో ఆ సినిమా పెట్టాడు. బొమ్మ రాలేదు. తెర పైన అక్షరాలున్న ఒక పట్టీ వచ్చింది.

"ఏటి రాసుంది బాబూ?"

"ఈ బ్రౌజరు లోపలేటుందో ఎవులైనా సూడొచ్చు పిన్నీ. కాపీ తియ్యకుండా సినిమావోలు ఇందులో ఓ ముక్క పెడతామంటన్నారు. దాన్ని మాత్రం ఎవులూ విప్పి సూడ్డానికి నేదు. వొద్దంటే సినిమా రాదు."

"మాయింట్లో పెట్టి, తాళం ఆళ్లకాడుంచుకుంటారా?" కోటమ్మ నవ్వింది. "సరేనని నువ్వే నొక్కీ."

"మిషను సిన్నాన్నది. ఆయన్నడుగు."

దుకాణం యజమాని విక్రమ్ నుదురు కొట్టుకున్నాడు. "అరే అంకుల్, నొక్కేయండి! యే సబ్, ఇదంతా ఎవరు చదువుతారు?"

బలరాంకు ఫోనులో మాట వినబడదు. మిషనుకు వెయ్యాల్సిన కొత్త బ్యాటరీ దుర్గ్ నుంచి మూడింటికి గానీ రాదు. ఈలోగా అడిగొస్తానని కోటమ్మ వెళ్లింది.

మూడింటికి బ్యాటరీ వచ్చింది. దాలయ్య దాన్ని అమర్చి, తెర తుడిచి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగింటికి ఫోను మోగింది.

"అడిగాను బాబూ. 'దాలయ్యేనా అడగమన్నాడు?' అన్నాడు. నవ్వాడు." అంది కోటమ్మ. "అవునన్నట్టో కాదన్నట్టో తెలీనేదు. మరింక పలకనేదు. ఊపిరి మాత్తరం ఉంది."

విక్రమ్ లేచి వచ్చాడు. ఏమీ అడగకుండా మౌస్ వైపు చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు దాలయ్య.

తనే మౌస్ బటన్ మీద వేలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచి, తీసేశాడు. చొక్కా తొడుక్కుని, సైకిలు తీసుకుని, తనే అడగడానికి సెక్టర్ 7 వైపు వెళ్లాడు.

బల్లమీద ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. అనుమతి ఇస్తారా అని అడుగుతున్న పట్టీ కింద, ఫ్యాను గాలికి బలరాం పేరున్న ఎర్ర కార్డు కొద్దిగా కదులుతోంది.